ఫొటోలో ఉన్న మెట్లు వార్తలో లేవు

సినిమా, సీరియల్ రచయితలకు, దర్శకులకు, పత్రికల, వార్తా ఛానెళ్ళ సంపాదకులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మీ అందరికీ నమస్కారం.

చిన్నతనంలో పోలియో సోకినప్పటి నుంచి నేను రెండు చంకకర్రల సాయంతో నడుస్తున్నాను. మీరు రాసే వార్తలు రోజూ చదువుతాను, మీరు తీసే కథలు ఇష్టంగా చూస్తాను. పాఠకురాలిగా, ప్రేక్షకురాలిగా మీ దగ్గర నాకున్న ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒక్కటే. మా గురించి మీరు ఏ కథ చెప్పినా కెమెరా మా శరీరం వైపే తిరిగి ఉంటోంది, మా దారికి అడ్డంగా ఉన్నవాటి వైపు తిరగడం లేదు. మమ్మల్ని దగ్గరగా ఎరగని కోట్లమందికి ఆ చూపే అలవాటై, చివరికి అదే మాకు ఉద్యోగం ఇచ్చేవారి చూపుగా, ఇల్లు అద్దెకిచ్చేవారి చూపుగా, మా పిల్లలను బడిలో చేర్చుకోవాలా వద్దా అని తేల్చేవారి చూపుగా మారుతోంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు కనుక, ముందు నా అనుభవం చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసే కార్యాలయానికి ఒక విలేకరి, ఒక ఫొటోగ్రాఫర్ వచ్చారు. మా విభాగం రెండో అంతస్తులో ఉంది, భవనానికి లిఫ్టు లేదు. విభాగాన్ని కిందికి మార్చమని, అది కుదరకపోతే నా ఒక్కదాని బల్లనైనా కిందికి దింపమని నేను పెట్టుకున్న అర్జీ అప్పటికి ఏడాదిన్నరగా ఆ బల్ల మీది నుంచి ఈ బల్ల మీదికి తిరుగుతోంది. ఆ సంగతి ఎవరి ద్వారానో విని వచ్చిన విలేకరి అరగంటసేపు ఓపికగా విన్నాడు, అర్జీ నకలు కూడా అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత ఫొటోగ్రాఫర్ నన్ను మెట్లు ఎక్కమన్నాడు. ఎక్కాను. మొదటి మలుపు దగ్గర నన్ను ఆపి, "ఇంకోసారి కిందికి దిగి ఎక్కండి మేడమ్, ఈసారి కొంచెం నెమ్మదిగా, పైకి చూస్తూ" అన్నాడు.

నేను మెట్లు ఎక్కే పద్ధతి ఇలా ఉంటుంది. ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, కర్రలు రెండూ మరో చేతి కిందికి తెచ్చుకుని, బలమున్న కాలు ముందు పై మెట్టు మీద మోపి, ఆ తర్వాత రెండో కాలినీ కర్రలనూ పైకి లాక్కోవాలి. మెట్టు అంచు అరిగి ఉన్నా, తడిగా ఉన్నా కర్ర చివరి రబ్బరు బిళ్ళ జారుతుంది కనుక కళ్ళు ఎప్పుడూ మెట్టు మీదే ఉండాలి. పైకి చూస్తూ ఎక్కడం నావల్ల కాదని చెప్పాను. "రెండు మెట్లే మేడమ్" అన్నాడు. కాదనలేక మళ్ళీ కిందికి దిగి, మూడో మెట్టు మీద నిలబడి, కిటికీలోంచి పడుతున్న వెలుతురు వైపు తలెత్తి చూశాను. బాగా వచ్చిందన్నాడు.

రెండు రోజులకు వార్త అచ్చయింది. ఫొటో నిజంగానే బాగుంది. శీర్షిక "కాళ్ళు లేకున్నా కలలు ఆగలేదు" అని. నాకు రెండు కాళ్ళూ ఉన్నాయి. నా కలల సంగతి అతను అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. వార్తలో విధి ఉంది, ఆత్మస్థైర్యం ఉంది, చెదరని చిరునవ్వు ఉంది. అర్జీ ప్రస్తావన లేదు, లిఫ్టు అన్న మాటే లేదు. ఫొటోలో మెట్లు స్పష్టంగానే కనబడుతున్నాయి, కాని నేను జయించిన కొండలా కనబడుతున్నాయి. వాటిని ఎవరో కట్టారని, ఎవరైనా తలచుకుంటే వాటికి ప్రత్యామ్నాయం చూపగలరని ఆ పేజీ చదివినవారికి తట్టే అవకాశమే లేదు.

వార్త వచ్చిన మర్నాడు మా పై అధికారి పిలిచి అభినందించారు. ఆయన మంచివారు, వెటకారానికి అంటున్న మాట కాదిది. "ఇంత పట్టుదల ఉన్న మీకు రెండంతస్తుల మెట్లు ఒక లెక్కా అమ్మా" అన్నారు. పత్రికలోని ఆ భాగాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు అంటింపజేశారు. ఆ బోర్డు కూడా రెండో అంతస్తులోనే ఉంది. అంతకుముందు నెలకో రెండు నెలలకో ఒకసారైనా కదిలే నా అర్జీ, ఆ వార్త తర్వాత పూర్తిగా ఆగిపోయింది. తిట్టి ఉంటే బదులు చెప్పేదాన్ని. పొగిడినందుకు కృతజ్ఞతలు చెప్పి, మెట్లు దిగి ఇంటికి వెళ్ళాను.

ఆ విలేకరిది దురుద్దేశమని నేను ఈనాటికీ అనుకోను. అతనికి మా కథలు ఎలా రాయాలో ఒక అచ్చు సిద్ధంగా దొరికింది, నన్ను అందులో పోశాడు. ఆ అచ్చు చేసింది ఎవరన్నదే నా ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 130 కోట్లమంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగిన వైకల్యంతో జీవిస్తున్నారు. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్నవారు ప్రతి తరగతి గదిలో, ప్రతి కార్యాలయంలో, ప్రతి బస్సులో కనబడాలి. కనబడరు. ఎక్కలేని బస్సులో, చేరలేని గదిలో ఎవరైనా ఎలా కనబడతారు? అందువల్ల చాలామందికి వైకల్యమున్న మనిషితో మొదటి పరిచయం, ఒక్కోసారి ఏకైక పరిచయం, మీ తెర మీదే జరుగుతుంది. భిన్న వర్గాలవారు సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేసినప్పుడు వారి మధ్య దురభిప్రాయాలు తగ్గుతాయని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించారు. నిజజీవితంలో అలాంటి పరిచయం లేనివారికి తెర మీది పాత్రలతో ఏర్పడే చనువు కూడా అదే పని కొంతవరకు చేయగలదని 2005లో అమెరికా పరిశోధకులు కొందరు చూపించారు. ఇందులో మీకు గర్వించదగ్గ విషయం ఉంది. దానితో పాటే బాధ్యత కూడా ఉంది, ఎందుకంటే దురభిప్రాయాన్ని తగ్గించగలిగిన తెరకు దాన్ని పెంచే శక్తి కూడా ఉంటుంది. ఆల్‌పోర్ట్ చెప్పిన షరతు కూడా మరచిపోకూడదు: సమాన హోదాలో. మీ కథల్లో మేము చాలాసార్లు కనబడుతున్నాం, సమాన హోదాలో కనబడటం అరుదు.

పెంచడం ఎలా జరుగుతుందో చూడండి. నా స్నేహితురాలికి కంటి లోపలి పొర, అంటే రెటీనా, క్రమంగా క్షీణించే జబ్బు ఉంది. ఆమెకు ఎదురుగా సన్నని గొట్టంలోంచి చూసినంత మేర కనబడుతుంది, పక్కలు, కింద, చీకటి పడ్డాక ఏమీ కనబడవు. అందుకని తెల్లకర్రతో నడుస్తుంది, బస్సులో కూర్చున్నాక అక్షరాలు పెద్దవి చేసుకుని ఫోన్ చదువుకుంటుంది. ఒకరోజు పక్కసీటులోని పెద్దమనిషి ఆమె చేతిలోని ఫోన్‌నూ, ఒళ్ళోని కర్రనూ మార్చిమార్చి చూసి, నలుగురికీ వినబడేలా "నటన బాగుందమ్మా" అన్నాడట. చట్టం దృష్టిలో అంధులైనవారిలో చాలామందికి ఎంతో కొంత చూపు మిగిలి ఉంటుంది. వెలుతురు మాత్రమే తెలిసేవారున్నారు, మధ్యలో మచ్చ ఉండి అంచుల్లో కనబడేవారున్నారు. ఇది ఆ పెద్దమనిషికి ఎవరు చెప్పాలి? ఆయన జీవితమంతా చూసిన అంధులు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, శూన్యంలోకి చూస్తూ, ఎదుటివారి ముఖాన్ని వేళ్ళతో తడిమి గుర్తుపట్టినవారు. వారంతా నటులు. నటుల్ని నమ్మి, నిజం మనిషిని నటి అన్నాడు.

చక్రాల కుర్చీ విషయంలోనూ ఇంతే. కుర్చీ వాడేవారిలో కాసేపు నిలబడగలిగేవారు, నాలుగు అడుగులు వేయగలిగేవారు చాలామంది ఉంటారు. నొప్పి వల్లనో, అలసట వల్లనో, తూలిపోయే భయం వల్లనో కుర్చీ వాడతారు. తెర మీద మాత్రం కుర్చీలోని మనిషి లేచి నిలబడే సందర్భాలు రెండే రెండు: చివరి రీలులో అద్భుతం జరిగినప్పుడు, లేదా దొంగవేషం బయటపడినప్పుడు. ఈ రెండూ చూసి పెరిగినవారు, కుర్చీలోంచి లేచి పై అరలోని వస్తువు అందుకున్న మనిషిని చూసి చేతులు జోడించాలా, ఫిర్యాదు చేయాలా అని ఆలోచిస్తే వారిని తప్పుపట్టలేం. మూడో సంగతి ఒకటుందని వారికి ఎవరూ చూపలేదు.

వినికిడి లోపమున్న పాత్రలకు మీరిచ్చే వరం ఇంకోటుంది. గది అవతలి మూల ఎవరో గుసగుసలాడితే పెదవుల కదలికను బట్టి మొత్తం చదివేస్తాయి. దయచేసి అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా 'పాట' అనండి, తర్వాత 'బాట' అనండి, ఆపైన 'మాట' అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలిసి విడిపోతాయి. క, గ లాంటివి నోటి లోపలెక్కడో పుడతాయి, బయటికి తెలియనే తెలియవు. పెదవులు చూసి అర్థం చేసుకునేవారు సందర్భాన్ని బట్టి, ముఖకవళికలను బట్టి ఊహిస్తూ సగం పూరిస్తారు, సాయంత్రానికి తల పగిలేంత అలసిపోతారు. సినిమా నేర్పిన పాఠం వల్ల అధికారులు, వైద్యులు, ఉపాధ్యాయులు "పెదాలు చూసి తెలుసుకుంటారుగా" అనుకుంటారు, సంజ్ఞాభాషా దుబాసీని ఏర్పాటు చేయరు. సంజ్ఞాభాష ప్రపంచమంతటా ఒకటేనన్న అపోహ కూడా ఇలాంటిదే. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ చుట్టూ మాట్లాడేది ఇంగ్లీషే అయినా, ఆ రెండు దేశాల సంజ్ఞాభాషలు ఒకదానికొకటి అర్థం కావు. చిత్రీకరణ రోజున ఎవరికి తోచినట్టు వారు చేతులు తిప్పే సన్నివేశం ఆ భాష తెలిసినవారికి ఎలా ఉంటుందో, మీ సంభాషణల స్థానంలో అర్థంలేని శబ్దాలు పెట్టి విడుదల చేస్తే మీకు ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ప్రతినాయకుడి కాలో కన్నో తీసేసి అతని క్రూరత్వానికి గుర్తుగా వాడటం పాత అలవాటు. చెడ్డపనికి శిక్షగా వైకల్యం, వైకల్యం వల్ల మనసు విషమయం కావడం, ఆ కసితో లోకం మీద పగబట్టడం అనే మూడు సూత్రాలను చరిత్రకారుడు పాల్ లాంగ్‌మోర్ 1985లోనే విడమరచి చూపారు. ఆయన కూడా పోలియో వచ్చినవారే. నలభై ఏళ్ళు గడిచినా ఆ జాబితాకు కొత్తగా చేర్చవలసిందీ లేదు, కొట్టివేయవలసిందీ లేదు. మానసిక రుగ్మత ఉన్నవారిని హంతకులుగా చూపడం దీని చెల్లెలే. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారు ఇతరుల మీద హింసకు దిగడం కన్నా, ఇతరుల చేతిలో హింసకు గురికావడమే ఎక్కువ.

భయం పుట్టించే పాత్రలకన్నా, నన్నడిగితే, జాలి పుట్టించే పాత్రల వల్లనే మాకు ఎక్కువ నష్టం. భయపెట్టేవాటిని విమర్శించడానికి పదిమంది ముందుకొస్తారు, జాలిని విమర్శిస్తే కృతఘ్నులంటారు. అమెరికాలో కండరాల క్షీణత వ్యాధి ఉన్నవారి కోసం హాస్యనటుడు జెర్రీ లూయిస్ 1966 నుంచి 2010 వరకు ఏటా గంటల తరబడి టీవీ కార్యక్రమం నిర్వహించి పెద్దమొత్తంలో విరాళాలు సేకరించారు. ఆ డబ్బు పరిశోధనకూ చికిత్సకూ ఉపయోగపడలేదని ఎవరూ అనలేరు. అయినా, కండరాల జబ్బుతో చక్రాల కుర్చీ వాడే న్యాయవాది ఇవాన్ కెంప్ 1981లో న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని బహిరంగంగా విమర్శించారు. పసిపిల్లలను ముందు నిలబెట్టి జాలి పుట్టించే ఆ పద్ధతిలో, పనిచేసుకుని సొంతంగా బతుకుతున్న పెద్దవారు కనబడకుండా పోతున్నారన్నది ఆయన అభ్యంతరం. ఆలోచిస్తే అది చాలా లోతైన అభ్యంతరం. ఏడాదికొకసారి టీవీలో నిస్సహాయుడైన బాలుణ్ణి చూసి కన్నీరు పెట్టి డబ్బు పంపిన మనిషి, మర్నాడు తన కార్యాలయంలో ఇంటర్వ్యూకి అదే జబ్బున్న పట్టభద్రుడు వస్తే అతనిలో ఎవరిని చూస్తాడు? లండన్‌లో 1992లో ఐటీవీ అనే ఛానెల్ విరాళాల కార్యక్రమం జరుగుతున్నప్పుడు వికలాంగులే స్టూడియో బయట గుమికూడి, మాకు దానం వద్దు, హక్కులు కావాలని నిరసన తెలిపారు. ఆ ఛానెల్ ఆ కార్యక్రమాన్ని మళ్ళీ నిర్వహించలేదు. ఎవరి కోసం విరాళాలు అడుగుతున్నారో వారే వచ్చి ఆపమన్న దృశ్యం ఆనాటి నిర్వాహకులను ఎంత తికమకపెట్టి ఉంటుందో ఊహించగలను.

జాలికి ఈ మధ్య గౌరవప్రదమైన దుస్తులు తొడిగి స్ఫూర్తి అంటున్నారు. నా ఫొటో ఆ కోవలోదే. ఆస్ట్రేలియాకు చెందిన పాత్రికేయురాలు, హాస్యకళాకారిణి స్టెల్లా యంగ్ దీన్ని ఘాటుగా 'స్ఫూర్తి పోర్న్' అన్నారు, ఒక వర్గం వారిని మరో వర్గం వారి తృప్తి కోసం వస్తువులుగా వాడుకోవడమే కనుక ఆ మాటను కావాలనే ఎంచుకున్నానన్నారు. ఆమెకు పదిహేనేళ్ళ వయసులో, ఊళ్ళోవారొకరు ఏదో సాధన పురస్కారానికి ఆమె పేరు ప్రతిపాదిస్తామంటే, మా అమ్మాయి ఇంకా ఏమీ సాధించలేదే అని తల్లిదండ్రులు అన్నారట. బడికి వెళ్ళడం, మార్కులు తెచ్చుకోవడం, టీవీ చూడటం లాంటివి తప్ప ఆ పిల్ల చేసిందేమీ లేదు. మెట్ల వైపు చూసి ఎంతసేపు చిరునవ్వు నవ్వినా అవి ర్యాంపుగా మారవని ఆమె 2014లో సిడ్నీ ప్రసంగంలో అన్నప్పుడు, నాకు ఆ కిటికీ వెలుతురూ, మూడో మెట్టూ గుర్తొచ్చాయి. ఆమె అదే ఏడాది డిసెంబరులో మరణించారు.

సాధించినవారి గురించి రాయవద్దని నేను అనడం లేదు. నిజంగా సాధించినవారి గురించి తప్పకుండా రాయండి. అయితే వారు సాధించిన పని ఏమిటో రాయండి. శాస్త్రవేత్త గురించి రాస్తే పరిశోధన గురించి రాయండి, ఈతగాడి గురించి రాస్తే సెకన్ల లెక్క రాయండి, ఎవరు శిక్షణ ఇచ్చారో, ఏ సదుపాయం వల్ల వీలైందో, అది లేక ఎందరు ఆగిపోయారో రాయండి. ఉదయం లేచి పనికి వెళ్ళడాన్ని సాహసంగా రాయకండి. అది సాహసం అయ్యేలా దారిని ఎవరు పాడుచేశారో అడగండి.

నవ్వు సంగతి. హాస్యం మీద నాకు ఫిర్యాదు లేదు. మేము నలుగురం కలిస్తే మా మీద మేము వేసుకునే ఛలోక్తులు మీ సెన్సారును దాటలేవు. కాని నత్తి ఉన్న పాత్ర మాట తడబడటమే హాస్యమైనప్పుడు, రేచీకటి ఉన్న పాత్ర స్తంభాన్ని గుద్దుకోవడమే హాస్యమైనప్పుడు, సినిమా విడుదలైన వారం తిరగకముందే బడిలో నత్తి ఉన్న పిల్లవాడికి ఆ పాత్ర పేరే మారుపేరవుతుంది. వాడు చెయ్యెత్తి జవాబు చెప్పడం మానేస్తాడు. మార్కులు తగ్గితే చురుకుదనం లేదంటారు. ఈ గొలుసులో మొదటి కొక్కెం మీ రచనా గదిలో పడిందని మీకు ఎప్పటికీ తెలియదు. ఒక సినిమాలో వైకల్యాన్ని చూపిన తీరుపై వచ్చిన కేసులో 2024 జూలై 8న భారత సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ తేడానే స్పష్టం చేసింది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యమున్నవారిని తక్కువచేసే హాస్యం వేరు అంది. అపోహల ఆధారంగా ఎగతాళి చేయవద్దని చెబుతూనే, అసాధారణ శక్తులున్న వీరులుగా చూపే రెండో కొసకూ పోవద్దంది. ఆ రెండో హెచ్చరిక గురించి వార్తల్లో చర్చ తక్కువగా జరిగింది, బహుశా అది మనకు దెప్పినట్టు అనిపించి ఉంటుంది. మాధ్యమాలన్నీ వికలాంగులను వారి గౌరవానికి తగినట్టు చూపేలా ప్రోత్సహించాలని, ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 13న ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఎనిమిదో అధికరణలో ఉంది.

మాటల గురించి కొంచెం చెప్పాలి. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా అని మీ డెస్కుల్లో వాదనలు జరుగుతాయని విన్నాను. నన్ను దివ్యమైనదాన్ని చేయనక్కర లేదు, నా అంగాల్లో దైవత్వమేమీ లేదు. ప్రతిభ సంగతి నా పని చూసి తేల్చండి. వైకల్యమున్న మనిషి అంటే నాకు చాలు, ఇంకొకరికి ఇంకో మాట ఇష్టమైతే వారిని అడిగి అదే రాయండి. ఆ చర్చకన్నా నన్ను ఎక్కువ బాధించేది శీర్షికల్లో యథేచ్ఛగా వాడే మాటలు. పనులు ఆలస్యమైతే కుంటినడక, సమస్య పట్టించుకోకపోతే గుడ్డి పాలన, అర్జీ వినకపోతే చెవిటి యంత్రాంగం. నా అర్జీని పక్కన పడేసిన వారిలో ఒక్కరికి కూడా చెవుడు లేదు, కాళ్ళు బాగున్నవారే ఏడాదిన్నర ఆలస్యం చేశారు. అలాగని సామెతలన్నీ భాషలోంచి ఏరిపారేయమని అడిగే ఛాదస్తం నాకు లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెత నాకు ఇష్టమే. వినలేని మనిషి దగ్గరికి వెళ్ళి, కాగితం మీద నాలుగు అక్షరాలు రాసి చూపించాలన్న తెలివి లేక శంఖం ఊదినవాడి గురించే ఆ సామెత పుట్టిందని నా నమ్మకం.

ఇక ఆ పాత్రల్లో ఎవరు నటించాలన్నది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఎన్నో ఏళ్ళు గాయపడిన సైనికుల పాత్రలు మామూలు నటులే వేశారు. రెండో యుద్ధంలో సైన్యంలో ఉండగా రెండు చేతులూ పోగొట్టుకున్న హెరాల్డ్ రసెల్, వృత్తిరీత్యా నటుడు కాకపోయినా 1946 నాటి చిత్రంలో అలాంటి పాత్ర వేసి, ఒకే పాత్రకు రెండు ఆస్కార్లు అందుకున్నారు. తోటి సైనికులకు ధైర్యాన్నిచ్చినందుకు ఒక గౌరవ పురస్కారం, ఉత్తమ సహాయనటుడిగా రెండోది. పోటీలో ఆయన గెలవడం కష్టమనుకుని ఆ గౌరవ పురస్కారాన్ని ముందే సిద్ధం చేశారు. స్ఫూర్తి బహుమతి ఇచ్చి పంపేద్దామనుకున్నారు, నటన బహుమతి కూడా ఇవ్వవలసి వచ్చింది. బధిర నటి మార్లీ మాట్లిన్‌కు ఉత్తమనటి ఆస్కార్ 1987లో వచ్చింది. మరో బధిర నటుడు ట్రాయ్ కాట్సర్‌కు ఆస్కార్ దక్కడానికి 2022 వరకు, అంటే 35 ఏళ్ళు పట్టింది. తెలుగులో 1985లోనే, ప్రమాదంలో కాలు పోయి కృత్రిమపాదంతో మళ్ళీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించారు. ఆ చిత్రాన్ని ఎంతో మెచ్చుకున్నారు గాని, ఆ దారిని కొనసాగించినవారు బహు తక్కువ.

వైకల్యమున్న ప్రతి పాత్రకూ వైకల్యమున్న నటుడినే తీసుకోవాలని పట్టుబట్టడం ఆచరణలో ఇబ్బందేనని నాకు తెలుసు. కథలో సగం ప్రమాదానికి ముందు జరిగితే ఏం చేస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. నా కోరిక అంతకన్నా చిన్నది. ఆడిషన్ గది మేము చేరగలిగే చోట పెట్టండి. గుమస్తా పాత్రకో, అత్తగారి పాత్రకో, పక్కింటావిడ పాత్రకో మాలో ఒకరిని తీసుకోండి, ఆమె చంకకర్రల గురించి సంభాషణల్లో ఒక్క మాట కూడా రాయకండి. కథలో ఆమె కూరగాయల ధర మీద గొడవపడవచ్చు, కోడలి మీద చాడీలు చెప్పవచ్చు, అప్పు ఎగ్గొట్టవచ్చు. మంచితనం అనే శిక్ష నుంచి మమ్మల్ని విడిపించండి. స్క్రిప్టు రాసేటప్పుడే ఆ వైకల్యంతో బతుకుతున్న ఒకరిని కూర్చోబెట్టుకోండి, వారి సమయానికి డబ్బు చెల్లించండి. చిత్రీకరణ రోజున పిలిచి "అంతా సరిగ్గానే ఉంది కదండీ" అంటే, వందమంది యూనిట్ ఎదురుచూస్తుండగా కాదని ఎవరంటారు?

సంపాదకులకు నా విన్నపం ఇంకా సులభమైనది. మా మీద వార్త వచ్చినప్పుడు అది ఏ విలేకరికి అప్పగిస్తున్నారో చూడండి. పురపాలక సంఘాన్నో, రవాణా శాఖనో, విద్యాశాఖనో రోజూ చూసే విలేకరికి ఇస్తే, ర్యాంపు లేదన్న సంగతి నిధులు, నిబంధనలు, బాధ్యులైన అధికారి ఉన్న వార్త అవుతుంది. మానవీయ కథనాల పేజీకి పంపితే అదే సంగతి చిరునవ్వు అవుతుంది. ఫొటోగ్రాఫర్‌ను పంపేటప్పుడు, ఎవరినీ రెండోసారి మెట్లు ఎక్కించవద్దని చెప్పండి. మనిషి ముఖం కన్నా ముందు, ఆ మనిషి ఆగిపోయిన చోటు ఫొటో తీయమనండి: తాళం వేసిన ర్యాంపు గేటు, ఎత్తయిన బస్సు మెట్టు, సగం విరిగిన రెయిలింగు. అవి పైకి చూస్తూ పోజు పెట్టవు, వెలుతురు ఎలా ఉన్నా బాగానే పడతాయి.

నేను ఇప్పటికీ రెండో అంతస్తులోనే పనిచేస్తున్నాను. నోటీసు బోర్డు మీది వార్త కాగితం పసుపుబారి, ఒక మూల ఊడి వేలాడుతోంది. కొత్తగా చేరినవారు దాన్ని చదివి, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వుతారు. అర్జీ నకలు, దాని మీద పడిన తేదీల ముద్రలతో సహా, నా సొరుగులో భద్రంగా ఉంది. మీలో ఎవరైనా దాని గురించి రాయదలచుకుంటే ఇస్తాను. ఫొటో కావాలంటే మాత్రం, నేను పక్కకు తప్పుకుంటాను, మెట్లను తీసుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు